నొప్పి దగ్గర ఆగమన్న మేడం

ఫోను గురువారం వచ్చింది. ఆదివారం పొద్దున దుకాణానికి వస్తానన్నాడు మేడం తమ్ముడు. "ఒక్క మాట అడగాలండి, ఫోన్లో బాగోదు" అన్నాడు. ఆ మూడు రోజులూ నేను గద్దె మీద కుదురుగా కూర్చోలేదు. లేవడం, గుమ్మం దాకా పోవడం, రోడ్డుకేసి చూడడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. నాలుగు మీటర్ల రెగ్జిన్ అడిగిన మనిషికి ఐదు మీటర్లు కోసి ఇచ్చాను. మా వంశంలో ఇట్లాంటిది జరగడం ఇదే మొదటిసారి. మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చిన మా ఆవిడ నా వాలకం చూసి, "ఏందయ్యా, గద్దె కింద తేలు గిట్ల దూరిందా?" అంది.

ఆయన ఏం అడుగుతాడో నాకు తెలుసు. నాలుగేళ్ళ కింద ఒకసారి అడిగాడు, "మా అక్క పడిందా?" అని. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. లేదన్నాను. పోయిన నెల ఆ అక్క తన చెరుకు తోటలో, గట్టు మీద, పక్కన ఎవరూ లేకుండా పోయింది. నేను ఆ రోజు నిజం చెప్పి ఉంటే ఈపాటికి హైదరాబాదులో తమ్ముడి ఫ్లాటులో కూర్చుని, నన్ను తిట్టుకుంటూ, బతికే ఉండేదేమో. ఆ "ఏమో"తోటే నాకు నెలరోజులుగా పడడం లేదు.

ఆమె పేరు రాయను. నాకే చాలాకాలం తెలియదు. బోధన్ వైపు ఒక బడిలో ఆడపిల్లలకు ఆటలు నేర్పి రిటైరైన పీఈటీ మేడం. వాళ్ళ నాన్న కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద భూమి కొన్నాడట. ఆమె ఇక్కడే పుట్టింది. నాతో "అండి" అనేది, పొలంలో ఆడవాళ్ళతో "ఏందే" అనేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు, అడిగితే వంగి కాలి బొటనవేలు పట్టుకోమంటుందని భయం.

నాది నిజామాబాదు బజారులో ఫోము, రెగ్జిన్ దుకాణం. బాపుది బోధన్‌లో కిరాణం. బస్తాల మధ్య పుట్టి, తక్కెడ కింద పాకి, త్రాసు ముల్లు చూస్తూ పెరిగినవాణ్ణి. చెప్పిన ధరకు కొనడం మా ఇంట్లో పరువు తక్కువ పని. డాక్టరు బీపీ నూట అరవై ఉందంటే "నూట నలభై చెయ్యుండ్రి సార్" అన్న ఘనత నాది.

మొదటిసారి ఆమె నా దుకాణం మెట్లు ఎక్కిన రోజు బాగా గుర్తు. నేత చీర, చీర కింద తెల్ల కాన్వాస్ బూట్లు, చంకలో రెండు మూరల బోరు పైపు ముక్క.

"దీనికి ఫోము చుట్టించి ఇస్తారా సేటు గారూ?"

"ఎందుకు మేడం?"

"కాళ్ళ కింద పెట్టుకుని దొర్లడానికి."

కాళ్ళ కిందికి అనగానే నాకు సుఖం గుర్తొచ్చింది. మా వ్యాపారంలో మంచి సరుకంటే మెత్తనిదే. ముప్పై ఏళ్ళుగా ఆ ఒక్క మాటే అమ్ముకుని బతికాను. పై అరలోంచి అన్నిటికంటే ఖరీదైన ముక్క దించి ఆమె ముందు పెట్టాను. వేలు పెడితే వెన్నలో దిగినట్టు దిగుతుంది. ఆమె బొటనవేలితో ఒకసారి నొక్కి నా వైపు తోసేసింది.

"ఇది పడుకోవడానికండి."

"ఫోము పండుకోనీకే గద మేడం, మరి ఎందుకు?"

"నాకు నొప్పి పెట్టేది కావాలి."

దుకాణంలో రెగ్జిన్ కవర్లు కుట్టే చాచా మిషను ఆపాడు. మూడు తరాల దర్జీ కుటుంబం ఆయనది. మా బాపు వయసువాడు. కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి చూశాడు. ఆమె ఏ మొహమాటమూ లేకుండా నేల మీద కూర్చుని, ఉత్త పైపును పిక్క కింద పెట్టుకుని, చేతుల మీద శరీరం ఎత్తి ముందుకీ వెనక్కీ దొర్లింది. కండ పట్టేసినచోట బరువు వేసి మెల్లగా దొర్లిస్తే వదులవుతుందని, మెత్తటిదైతే అది అణిగిపోతుంది తప్ప కండను నొక్కదని, బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పింది.

"సేట్, మీరు భి ఒకసారి సూడుండ్రి జర" అన్నాడు చాచా, ముసిముసిగా నవ్వుతూ.

ముప్పై ఏళ్ళుగా కుడికాలు మడిచి గద్దె మీద కూర్చున్నవాణ్ణి. నా తొడ వెనక కండ ఎండిన నులకతాడు. పైపు తగలగానే పెట్టిన కేకకు పక్క గాజుల దుకాణం వాళ్ళు తొంగిచూశారు. పక్కకు జరగబోయాను.

"కదలకండి. నొప్పి ఉన్నచోటే ఆగాలి. అక్కణ్ణుంచి పారిపోతే రేపు కూడా అక్కడే ఉంటుంది. ముప్పై లెక్కపెట్టేదాకా ఆగండి."

"ఇరవై చెయ్యుండ్రి మేడం."

"సరే, ఇరవై. కానీ రెండు కాళ్ళకీ."

పది తగ్గించానని మురిసిపోయాను. ఇంటికి పోయి అన్నం తింటుంటే వెలిగింది, మొత్తం నలభై అయిందని. ఆమె లెక్క కూడా మామూలు లెక్క కాదు. "ఏక్" అన్నాక "దో" రావడానికి ఒక బీడీ కాల్చుకోవచ్చు.

"మేడం, మీ తూకంరాళ్ళు బరువెక్కువున్నయి. గీ ఇరవై, ముప్పై అయిదుకు తక్కువ లేదు" అన్నాను నేల మీద నుంచే.

"మీ మీటరుకి తొంభై ఆరు సెంటీమీటర్లేగా సేటు. దానికీ దీనికీ చెల్లు."

చాచా నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. చివరికి ఆమెకు కావలసింది మా దగ్గర అన్నిటికంటే అడుగున పడి ఉండేదని తేలింది. కోసిన ముక్కలన్నీ కలిపి ఒత్తి చేసే ఫోము, పరుపుకు అడుగున వేసేది, రాయిలాంటిది. దాన్ని పైపుకు చుట్టి, జిగురు పెట్టి, పైన కాన్వాస్ గుడ్డ కుట్టి ఇచ్చాడు చాచా. ఆమె వెళ్ళాక, "క్యా జమానా సేట్. ఇన్ని దినాలు నొప్పి పోనీకి మందు కొన్నరు. ఇగ ఇప్పుడు నొప్పినే కొంటుండ్రు" అన్నాడు.

తర్వాత నెలకొకసారి మందుల కోసం నిజామాబాదు వచ్చినప్పుడల్లా మా దుకాణానికి వచ్చేది. ఒకసారి రెండు రోలర్లు, ఒకసారి నాలుగు. బీడీలు చుట్టే ఆడవాళ్ళ కోసమని చెప్పేది. చాచా కుట్టేలోపు కౌంటరు ముందు ఒంటికాలి మీద నిలబడేది, చెరువులో కొంగలాగా, చెయ్యి మాత్రం కౌంటరుకు బెత్తెడు దూరంలో. కొనడానికి వచ్చినవాళ్ళు బిత్తరపోయి చూసేవాళ్ళు. "పళ్ళు తోముకునేటప్పుడు ఒక కాలు, స్నానానికి నీళ్ళు కాగేలోపు ఇంకో కాలు. దీనికి వేరే టైమెందుకండీ?" అనేది. నన్ను కూడా గద్దె దింపింది. కౌంటరు వెనక నా పై సగమే కనబడుతుంది కాబట్టి, నేను ఒంటికాలి మీద నిలబడి బేరమాడుతున్నానని ఎవరికీ తెలిసేది కాదు. కాలు వణికినప్పుడల్లా ధర దిగేది. ఆ నెల నష్టాలన్నీ ఆమె ఖాతాలోనివే.

"ఇరవై నిలబడ్డారు కదా, ఇవాళ ముప్పై" అనేది.

"పది."

"సరే, పది. కానీ కళ్ళు మూసుకుని."

కళ్ళు మూసుకుంటే రెండో అంకెకే రెగ్జిన్ చుట్టల మీద పడేవాణ్ణి. ఆమె మాత్రం ఎప్పుడూ కళ్ళు మూసుకుని నిలబడేది కాదు. మేష్టర్లు అంతే, మనకు చెప్తారు, తాము చెయ్యరు అనుకున్నాను.

ఒకసారి పని మీద బోధన్ పోయి, రోలర్లు నేనే ఇచ్చి రావచ్చని పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్ళాను. వాకిట్లో పదిమంది దాకా ఆడవాళ్ళు, వడ్లు ఆరబోసే పట్టాల మీద వెల్లకిలా పడుకుని, వీపుల కింద నా రోలర్లు పెట్టుకుని, పైకీ కిందికీ దొర్లుతున్నారు. రోజంతా మెడ వంచి చాటలో బీడీలు చుట్టేవాళ్ళు, మెడలు కొక్కేల్లా వంగినవాళ్ళు. ఆమె మధ్యలో తిరుగుతూ, "ఏయ్, మెడకింద పెట్టకు. భుజాల కింద, రెక్కల నడుమ. ఊపిరి విడువు. ఆపితే నొప్పి ఎక్కువైతది" అంటోంది.

నన్ను చూసి ఒక అవ్వ పడుకునే అరిచింది: "సేటూ! గిది నువ్వే అమ్ముతున్నవా? రోకలిబండ లెక్కున్నది గదయ్యా! నీ పెండ్లాన్ని గూడ దీనిమీదనే పండవెడుతున్నవా?"

"అవ్వా, నన్నే పండవెడుతున్నది ఆమె."

"గట్లయితే మంచిదే" అని ఇంకో రెండుసార్లు దొర్లింది.

వాళ్ళు పోయాక ఆమె అరుగు మీద కూర్చుని బూట్లు విప్పింది. నేల మీద ఒక అద్దం ముక్క పెట్టి, దాని మీద పాదం చాపి, అరికాలు చూసుకుంది. తర్వాత రెండోది. ఆ సంగతి ఏమిటని అడిగాను.

"షుగరండి. పాదాలకు స్పర్శ పోయింది. మొన్న చెరుకు మోడు గుచ్చుకుంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెలియలేదు. బూటు నిండా రక్తం చూసి తెలుసుకున్నాను. అందుకని రోజూ అద్దాన్ని అడగాలి."

అప్పుడు అర్థమైంది ఆమె కళ్ళు ఎందుకు మూసుకోదో. కాలు నేల మీద ఎక్కడుందో కాలు చెప్పదు. కళ్ళే చెప్పాలి. అంతమందికి నొప్పి దగ్గర ఆగమని చెప్పే మనిషికి, తన పాదాల్లో నొప్పి అన్నది తెలియదు.

ఆ ఏడే రెండుసార్లు పడింది. ఒకసారి స్నానాల గదిలో, ఒకసారి గట్టు మీద. రెండోసారి తమ్ముడు హైదరాబాదు నుంచి వచ్చాడు. నిజామాబాదులో డాక్టరుకు చూపించి, తిరిగి పోతూ ఆమె పట్టుబట్టి మా దుకాణం ముందు కారు ఆపించింది. ఇద్దరూ పోట్లాడుకుంటూనే మెట్లు ఎక్కారు.

"అక్కా, భూమి కౌలుకిచ్చేసి నాతో వచ్చెయ్. అంతే."

"చెరుకు నిలబడి ఉందిరా చేలో."

"చక్కెర ఫ్యాక్టరీయే మూతపడింది. ఊళ్ళో సగంమంది వరి వేసుకుంటున్నారు. నువ్వొక్కదానివే ఎక్కడికో లారీలు కట్టి పంపుతానంటావు. పడితే లేపడానికి అక్కడ నీకెవరున్నారు? నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. ఎవరున్నారో ఒక్క పేరు చెప్పు."

ఆమె ఒక్క పేరూ చెప్పలేదు. కౌంటరు మీద ఫోము ముక్కను నొక్కుతూ నిలబడింది. నేను ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ రెండు పక్షాలు గట్టిగా పట్టుకుని కూర్చుంటే నడుమ దూరకుండా ఉండడం మా రక్తంలో లేదు.

"సార్, నడుమల నేనొక మాట చెప్తా. ఇప్పటికి రెండుసార్లు పడ్డరు. ఇంకొక్కసారి పడితే మేడం భూమి కౌలుకిచ్చి, మారు మాట్లాడకుండ మీ ఇంటికొస్తరు. పడకుంటే మీరు ఈ ముచ్చట మళ్ళ తియ్యొద్దు."

ఇద్దరూ నన్ను చూశారు.

"పడిందో లేదో నాకెలా తెలుస్తుందండీ?" అన్నాడు తమ్ముడు.

"నేను అబద్ధం చెప్తానా?" అంది ఆమె.

"చెప్పవు. చెప్పకుండా ఊరుకుంటావు."

చాచా మిషను దగ్గర నుంచే అన్నాడు, "సాబ్, మా బజార్ల బేరం తెంపినోడే జిమ్మేదారు. రేపు ఏదన్న మాటొస్తే ఆయన్నే అడగాలె. ఆయన చెప్పిందే ఆఖరు."

అది నిజం. మా బజారులో ఇద్దరి మధ్య బేరం తెంపినవాడు ఆ తర్వాత దానికి జవాబుదారీ. సరుకు తేడా వచ్చినా, మాట తేడా వచ్చినా ఇద్దరూ అతని దగ్గరికే వస్తారు. అతను పక్షం కట్టి అబద్ధమాడినట్టు తేలిందా, ఇంక ఆ మనిషిని ఎవరూ నడుమ నిలబెట్టరు. ధరల్లో మేము ఎన్ని అబద్ధాలైనా ఆడతాం, అది వేరే. తెంపిన బేరంలో ఆడం. బాపు కొట్టులో నాకు నేర్పిన నీతి అదొక్కటే.

అక్కా తమ్ముడూ చెరొక చెయ్యి నా చేతిలో పెట్టారు. మూడోసారి పడితే ఆఖరు అని ఒప్పందం. ఆయన నా నంబరు రాసుకున్నాడు.

చెరుకు కోతకు ఇంకా నెలుందనగా నాలుగు రోలర్లు పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఒప్పందం తర్వాత ఆమె కసరత్తు రెట్టింపైంది. పొద్దున మడమ ముందు వేలు పెట్టి గీత మీద నడక, సాయంత్రం కాలువ గట్టు మీద పొడుగు నడక. "దమ్ము లేకపోతే సాయంత్రానికి కాళ్ళు ఈడుస్తాం సేటు. ఈడ్చిన కాలే పడేస్తుంది" అనేది. ఆ రోజు "చెరుకు చూద్దురు రండి" అని తీసుకెళ్ళింది.

ఆమె పొలానికీ దారికీ నడుమ పంటకాలువ. వంతెనకు బదులు విరిగిన కరెంటు సిమెంటు స్తంభం అడ్డంగా పడేసి ఉంది. ఆమె చూపు పాదాల మీద నిలిపి, చేతులు కాస్త చాచి, పదకొండు అడుగుల్లో దాటేసింది. నేను కూర్చుని, స్తంభానికి చెరోపక్క కాలేసి, గుర్రమెక్కిన పెళ్ళికొడుకులాగా జరుగుతూ దాటాను. ప్యాంటు వెనక వైపు చిరిగింది.

"నేనీ స్తంభం మీద నడుస్తానని ఎవరికైనా చెప్తే మీ అంగడికి రాను" అని నవ్వింది.

"నేనెందుకు చెప్త మేడం, నా ఇజ్జత్ పోతది."

చెరుకు నా తలకు జానెడు ఎత్తు ఎదిగి ఉంది. ఒక గడ విరిచి ఇచ్చింది. తిరుగుదారిలో ఆమె ముందు. స్తంభం సగం దాటాక వెనక నేను మళ్ళీ కూర్చోబోతున్నానని తెలిసి, "లేవండి, లేవండి! నిలబడి రండి, నేను లెక్కపెడతాను. ఏక్..." అంటూ తల తిప్పి నన్ను చూసింది.

కళ్ళు పాదాలను వదిలేశాయి. "దో" రాలేదు.

మోకాలి లోతు నీళ్ళు. అంత ఎత్తు కూడా కాదు. చేతులు అడ్డం పెట్టకుండా, శరీరం ముడుచుకుని పక్కకు దొర్లింది, తను పిల్లలకు నేర్పినట్టే. నేను చెరుకు గడ పారేసి కాలువలోకి దిగాను. భయంలో దిగాను కాబట్టి దిగగలిగాను. అప్పటికే ఆమె లేచి కూర్చుంది. గట్టెక్కించాను. చీర కొంగు పిండుకుంది. బూట్లు విప్పి, నీళ్ళు ఒంపి, అరికాళ్ళు చూపించమని నన్ను అడిగింది, అద్దం లేదు కాబట్టి. చూశాను. గాయం లేదన్నాను.

"మూడు" అంది.

"ఏంది మూడు?"

"లెక్క, సేటు."

"నేనేం సూడలే మేడం."

"చూశారు."

"కాలువల కూసున్నరు మీరు. ఎండకు. కూసుంటే పడ్డట్టు ఎట్లయితది?"

ఆమె నవ్వలేదు. చెప్పమనలేదు, చెప్పొద్దనలేదు. చెరుకు వైపు చాలాసేపు చూసింది. నేను తడిసిన బూట్లతోనే దుకాణానికి వచ్చాను. నన్ను లేవమని చెప్పడానికి తల తిప్పి పడిందని, నేను మనిషిలాగా నడిచి ఉంటే పడేది కాదని, దారి పొడవునా అదే.

దుకాణంలో దీపాలు పెట్టే వేళకు తమ్ముడి ఫోను. మా తడిబట్టలు ఊళ్ళో ఎవరో చూసి చెప్పి ఉంటారని అనుకున్నాను.

"మా అక్క పడిందా అండీ?"

చాచా సూది ఆపి నన్నే చూస్తున్నాడు. తడిసిన ప్యాంటు, వెనక చిరుగు ఆయనకు కనబడుతూనే ఉన్నాయి.

"లేదు సార్. బేఫికర్ ఉండుండ్రి. స్తంభం మీద కెళ్ళి నడిచిన్రు సూడుండ్రి, పడుసుపిల్ల లెక్క. నేనే పడ్డ కాలువల" అన్నాను. అబద్ధాన్ని అమ్మేటప్పుడు కొంచెం కొసరు వెయ్యకపోతే నాకు తోచదు.

"సరేనండి" అని పెట్టేశాడు. చాచా మళ్ళీ మిషను తొక్కాడు. ఆ సంగతి ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

తర్వాతి నెల ఆమె వచ్చినప్పుడు కాలువ మాట ఎత్తలేదు. నన్ను గద్దె దింపి, "ఇవాళ నుంచి నలభై" అంది.

"ఎందుకు మేడం, ఏం తప్పు చేసిన?"

"నిలబడతారని తెలిసింది."

"ఇరవై అయిదు."

"సరే, ఇరవై అయిదు. పొద్దునా సాయంత్రం."

ఆ తర్వాత నాలుగు పంటలు కోయించింది. నేను నడుమ రెండుసార్లే పోయాను. పోయిన నెల పక్క పొలం రైతు పొద్దున నీళ్ళు కట్టడానికి పోయి చూశాడు. గట్టు మీద ఉందట. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. పడితే ఆగిందా, ఆగితే పడిందా, చూసినవాళ్ళు లేరు. పదకొండో రోజు వెళ్ళాను. బీడీల ఆడవాళ్ళు వాకిట్లో వరసగా కూర్చుని ఉన్నారు. దూరం నుంచి తమ్ముణ్ణి చూసి, ఆయన కంట పడకుండా నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని బస్సెక్కాను. ఆ బస్సులో కూడా కూర్చోలేదు, సీట్లున్నా, ఎడపల్లి దాటేదాకా నిలబడే వచ్చాను.

ఆదివారం పదిన్నరకు వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. స్టూలు వేశాను, చాయ్ చెప్పాను. ఏం అడిగితే ఏం చెప్పాలో మూడు రోజులుగా నాలుగు రకాలుగా తయారుచేసి పెట్టుకున్నాను. "నాకు కనబళ్ళే" అనేది ఒకటి. "కాలు జారింది గాని పడలే" అనేది ఇంకొకటి. ఆయన చాయ్ గ్లాసు అందుకునేలోపే నా నోరు నన్ను మోసం చేసింది.

"పడ్డది సార్. ఆ రోజు పడ్డది. నా కండ్ల ముంగట. నేను అబద్ధం చెప్పిన."

"తెలుసండి" అన్నాడు.

చాచా మిషను ఆగింది.

"ఆ సాయంత్రం అక్కే ఫోన్ చేసి చెప్పింది. 'మూడోసారి పడ్డాన్రా' అని. రేపే కారేసుకొస్తాను, సామాన్లు సర్దుకోమన్నాను. అప్పుడు మొదలుపెట్టింది బేరం. 'నీ భయం నేను పడతానని కాదు కదా, పడితే నాకెవరూ లేరని కదా. సేటు చూశాడు. వాళ్ళ బజారులో తెంపిన బేరంలో అబద్ధమాడరు, ఆడితే మాట పోతుంది. ఫోన్ చేసి అడుగు. పడింది అంటే నీతో వచ్చేస్తాను. పడలేదు అంటే, నా కోసం మాట పోగొట్టుకునే మనిషి ఒకడు ఇక్కడ ఉన్నట్టు. ఇంక ఎవరున్నారని నన్ను అడగకు' అంది. అప్పుడే మీకు చేశాను."

నేను ఆయన్ను నమ్మించానని నాలుగేళ్ళు అనుకున్నాను. కొసరు కూడా వేశాను. అవతల ఆయన వింటున్నది ఆమె పడిందా లేదా అని కాదు. నాలుగేళ్ళుగా నేను ఒక మనిషికి ఉన్న మనిషిని. ఆ సంగతి నాకు తప్ప వాళ్ళిద్దరికీ తెలుసు.

"నేను అడగాలనుకున్నది అది కాదండి" అన్నాడు ఆయన, గ్లాసు కౌంటరు మీద పెట్టి. "పోయేముందు వారం అక్క మీకు ఫోన్ ఏమైనా చేసిందా?"

ఇక్కడ లేదనవచ్చు. ఆయన దగ్గర రుజువేమీ లేదు. కుడికాలి మీద నిలబడ్డానని అప్పుడు గమనించాను, రెండోది తనంతట తనే లేచి ఉంది. దించాను.

"చేసిన్రు. 'ఒకసారి వచ్చిపోతారా సేటు' అన్నరు. లగ్గాల సీజన్, పరుపుల గిరాకి. వచ్చే ఆదివారం వస్త మేడం అన్న."

"దానికేమంది?"

"సరే అన్నరు."

ఆయన తలెత్తాడు. "సరే అని? ఆ తర్వాత?"

"ఏం లేదు సార్. సరే అన్నరు. పెట్టేసిన్రు."

"బేరమాడకుండా, ఒక్కమాటకే?"

"ఒక్కమాటకే."

ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని, బజారు వైపు తిరిగి కూర్చున్నాడు. బయట పరుపులు కట్టిన ఆటో ఒకటి హారను కొడుతూ ఇరుకులోంచి దారి చేసుకుంటోంది. అది పోయేదాకా ఆగి,

"నన్నూ రమ్మంటే పై వారం వస్తానన్నాను. నాతోనూ అంతేనండి" అన్నాడు.